పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్ బహుమతి పథకాలు: ఒక న్యూజెర్సీ నివాసి సమీక్ష

అమెరికాలో కొన్నేళ్లు కాపురమున్న తెలుగు కుటుంబాలలో పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్ పేరు వినని వారు అరుదు. టపా పెట్టెలో పడే లావుపాటి కవరుగానో, నిలువెత్తు చెక్కు పట్టుకుని ఎవరి ఇంటి తలుపో తట్టే టీవీ ప్రకటనగానో, రోజూ వచ్చి పడే ఈమెయిలుగానో ఆ పేరు ఇంట్లోకి వచ్చి తీరుతుంది. సందర్శకుల వీసాపై వచ్చి పగలంతా ఇంటిపట్టున ఉండే తల్లిదండ్రులు ఆ కవరు విప్పి, ‘ఇది నిజమేనా, మనం కూడా పంపవచ్చా’ అని అడగడం చాలా ఇళ్లలో జరిగేదే. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు కనుక, ఆ సంస్థ నడిపే బహుమతి పథకాలను ఒక సేవగా తీసుకుని, న్యూజెర్సీ నివాసిగా నేను పరిశీలించిన మేరకు ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో నేను ప్రధానంగా చూసింది ఒక్కటే: ప్రకటించిన బహుమతి డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, దానిపై ఏ రాష్ట్రపు అజమాయిషీ ఉంటుంది అని.

సంస్థ పాతదే. 1953లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని పోర్ట్ వాషింగ్టన్‌లో హెరాల్డ్ మెర్ట్జ్ కుటుంబం దీనిని ప్రారంభించింది. పలు పత్రికల చందాలను ఒకే కవరులో పెట్టి తక్కువ ధరకు ఇంటింటికీ టపాలో పంపడం వారి వ్యాపారం. ఆ కవరును జనం విప్పి చూసేందుకు 1967 నుంచి దానికి స్వీప్‌స్టేక్స్, అంటే ఏమీ కొనకుండా పాల్గొనగల అదృష్ట బహుమతి పథకం, జోడించారు. చందా అమ్మకానికి ఎరగా వచ్చిన బహుమతి కాలక్రమంలో చందాను మించిపోయింది; పత్రికల కాలం వెనుకబడ్డాక సంస్థ వంటింటి సామాన్లు, అలంకరణ వస్తువులు అమ్మింది, ఆ తరువాత ఇంటర్నెట్‌లో ఉచిత ఆటలు పెట్టి వాటి పక్కన ప్రకటనలు చూపి ఆదాయం తెచ్చుకుంది. ఈ వరుస తెలిస్తే సంస్థ మనకు ఉచితంగా ఇస్తున్నదేమిటో, మన నుంచి తీసుకుంటున్నదేమిటో తేలికగా బోధపడుతుంది.

పాల్గొనడానికి పైసా ఖర్చు లేదు. పేరు, ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, ఈమెయిలు ఇస్తే చాలు. కంప్యూటరు వద్దనుకునే వారు టపా ద్వారా పంపే మార్గం కూడా నియమావళిలో ఉంటుంది. ఇది సంస్థ ఔదార్యం కాదు, చట్టం విధించిన షరతు. అమెరికా రాష్ట్రాల చట్టాలలో బహుమతి, అదృష్టం, పాల్గొనే వారు చెల్లించే ప్రతిఫలం అనే మూడూ ఒకచోట కలిస్తే అది లాటరీ అవుతుంది, లాటరీని నడిపే అధికారం ప్రభుత్వానికీ, అనుమతి పొందిన కొద్ది మందికీ మాత్రమే ఉంటుంది. అందుకే ప్రైవేటు సంస్థలు మూడవదైన ప్రతిఫలాన్ని తీసేసి, ఏమీ కొనకుండానే పాల్గొనవచ్చునని రాస్తాయి. కొన్నవారికీ కొననివారికీ గెలిచే అవకాశం సమానంగా ఉండాలి. 1999లో అమెరికా కాంగ్రెస్ చేసిన తపాలా మోసాల నివారణ చట్టం, టపాలో వచ్చే ప్రతి స్వీప్‌స్టేక్స్ కవరులోనూ ఈ సంగతిని స్పష్టంగా చెప్పి తీరాలని శాసించింది.

గెలుపు అవకాశం సంగతి నియమావళి చివర చిన్న అక్షరాలలో ఉంటుంది, దానిని ముందుగా చదవడం మంచిది. ఈ సంస్థ ప్రకటించిన కొన్ని పెద్ద బహుమతులకు ఆ అవకాశం వందల కోట్లలో ఒక వంతుగా ఉండేది. అంత చిన్న అవకాశం కోసం రోజూ పది నిమిషాలు ప్రకటనలు చూడడం ఎంత సమంజసమో ఎవరికి వారే తేల్చుకోవాలి. వినోదంగా భావించే వారితో నాకు పేచీ లేదు. అయితే ఇచ్చిన ఈమెయిలుకు ఆ రోజు నుంచి వచ్చే సందేశాల వరద గురించి మాత్రం ముందే హెచ్చరించాలి. బ్యాంకు, ఇమ్మిగ్రేషన్, పిల్లల బడి వ్యవహారాలు నడిచే ఈమెయిలును ఇటువంటి వాటికి ఇవ్వకుండా, ఇందుకోసమే విడిగా ఒకటి తెరవడం అత్యవసరం. ఫోన్ నంబరు తప్పనిసరి కాని చోట ఆ గడిని ఖాళీగా వదిలేయాలి.

సంస్థ మీద ప్రభుత్వాల ఫిర్యాదులు కొత్తవి కావు. 2001లో 26 రాష్ట్రాలతో 3.4 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. 2010లో 32 రాష్ట్రాలకూ, కొలంబియా జిల్లాకూ కలిపి 35 లక్షల డాలర్లు చెల్లించింది. వీటన్నిటికన్నా మన వంటి ఇంటర్నెట్ వినియోగదారులకు పాఠంగా పనికివచ్చేది 2023 జూన్‌లో వినియోగదారుల రక్షణ చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన దావా. ఆ ఫిర్యాదు చదివితే బహుమతి ఫారం ఎలా అల్లుతారో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. వివరాలు నింపి పంపాననుకున్న మనిషిని వెంటనే వదలకుండా, వస్తువుల అమ్మకం పుటల మీదుగా ఒకదాని తరువాత మరొకటిగా నడిపించారని, ప్రవేశం పూర్తి కావాలంటే ఏదైనా కొనాలని గానీ, కొంటే అవకాశం పెరుగుతుందని గానీ వారు భ్రమపడేలా ఆ పుటలను తీర్చిదిద్దారని కమిషన్ ఆరోపించింది. కొనవలసిన అవసరం లేదన్న వాక్యం ఉన్నదే. అయితే చిన్న అక్షరాలలో, లేత రంగులో, కన్ను పడని చోట ఉంది. రవాణా ఖర్చులను ముందు చెప్పకుండా బిల్లులో చేర్చారని, అవి సగటున వస్తువు ధరలో 40 శాతానికి పైగా ఉన్నాయని, నష్టభయం లేదన్న వస్తువును తిప్పి పంపాలంటే ఖర్చు కొన్నవారే భరించవలసి వచ్చిందని, ప్రభుత్వ పత్రాలను తలపించే శీర్షికలతో ఈమెయిళ్లు పంపారని, వినియోగదారుల సమాచారాన్ని ఇతరులకు ఇవ్వబోమని చెప్పి ఇచ్చారని కూడా అందులో ఉంది. దెబ్బతిన్న వారిలో వృద్ధులు, తక్కువ ఆదాయం ఉన్నవారు అధికమని కమిషన్ ప్రత్యేకంగా పేర్కొంది.

సంస్థ 1.85 కోట్ల డాలర్లు చెల్లించడానికీ, బహుమతి పుటలను అమ్మకం పుటల నుంచి వేరు చేయడానికీ, కొనుగోలుతో గెలుపుకు సంబంధం లేదని ఎవరికైనా కనిపించేలా చెప్పడానికీ ఒప్పుకుంది. 2019కి ముందు పోగుచేసిన సమాచారాన్ని వినియోగదారుల సమ్మతి లేకుండా ఉంచుకోరాదన్న షరతు కూడా ఆ ఉత్తర్వులో భాగం. 2025 ఏప్రిల్‌లో కమిషన్ ఆ డబ్బును దెబ్బతిన్న వినియోగదారులకు పంచింది. ఇటువంటి ఉత్తర్వు కింద నడిచే సంస్థ, ఎవరి ఉత్తర్వూ లేని ఊరూపేరూ తెలియని వెబ్‌సైటు కన్నా మేలన్నది నా అభిప్రాయం. కనీసం దాని నడవడి మీద ఒక కన్ను ఉంది. ఫారం పరిశీలించే అలవాటు మాత్రం అన్నిచోట్లా ఒకటే ఉండాలి. పంపే మీట నొక్కాక వచ్చే రెండో పుటలో ధర కనిపించినా, క్రెడిట్ కార్డు గడి కనిపించినా అది బహుమతి ఫారం కాదు, దుకాణం. ఆ పుటను మూసివేసినంత మాత్రాన ప్రవేశం చెల్లకుండా పోదు.

ఇక నా దృష్టిలో అతి ముఖ్యమైన సంగతికి వస్తాను. ఈ సంస్థ పేరు మోగిపోయింది ‘జీవితాంతం వారానికి 5,000 డాలర్లు’ వంటి బహుమతుల వల్ల. గెలిచిన వారిలో కొందరు ఆ మాటను నమ్మి ఉద్యోగాలు మానుకున్నారు, ఇళ్లు కొనుక్కున్నారు, ఆ ఆదాయం మీదనే బతుకు కట్టుకున్నారు. 2025 ఏప్రిల్ 9న సంస్థ న్యూయార్క్‌లోని ఫెడరల్ దివాలా కోర్టులో చాప్టర్ 11 కింద, అంటే అప్పులవారి ఒత్తిడి ఆపి వ్యాపారాన్ని సర్దుకునే వీలు కోసం, రక్షణ కోరింది. ఆ జులైలో ఏఆర్‌బీ ఇంటరాక్టివ్ అనే సంస్థ సుమారు 71 లక్షల డాలర్లకు పేరునూ వ్యాపారాన్నీ కొన్నది గానీ, 2025 జులై 15కి ముందు గెలిచిన బహుమతుల బాధ్యత తనది కాదని ప్రకటించింది. టీవీ కెమెరాల ఎదుట నిలువెత్తు చెక్కు అందుకున్న విజేతలు, సరుకు సరఫరా చేసి డబ్బు రాక ఎదురుచూస్తున్న వ్యాపారుల పక్కన, తనఖా వంటి హామీ ఏదీ లేని రుణదాతల వరుసలో నిలబడ్డారు. వారిని ఎవరూ మోసగించి లాటరీ టికెట్టు అంటగట్టలేదు. బహుమతి నిజమే, విజేతలూ నిజమే, కొన్నేళ్లపాటు డబ్బూ నిజంగానే వచ్చింది. మాట ఇచ్చిన సంస్థ ఆయుష్షు విజేత ఆయుష్షు కన్నా తక్కువైంది.

రాష్ట్ర ప్రభుత్వాల లాటరీలతో పోల్చినప్పుడు ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. రాష్ట్ర లాటరీలో పెద్ద బహుమతి వాయిదాలలో ఇవ్వవలసి వస్తే దాని వెనుక ప్రభుత్వం నిలబడుతుంది, వాయిదాల కోసం ముందుగానే ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో మదుపు చేసి పెడతారు. ప్రైవేటు సంస్థ దీర్ఘకాలం ఇస్తానన్న బహుమతికి అటువంటి మదుపు గానీ, బీమా సంస్థ నుంచి కొన్న యాన్యుయిటీ (క్రమంగా డబ్బు చెల్లించే ఒప్పందం) గానీ ఉన్నదో లేదో నియమావళిలోనే వెతకాలి. ఒక్కసారిగా మొత్తం తీసుకునే అవకాశం ఉంటే, అంకె చిన్నదైనా దానినే ఎంచుకోమని నా సలహా. ఈ విషయంలో నేను కొంచెం మొండిగానే ఉంటాను; 30 ఏళ్ల తరువాత ఉంటుందో ఉండదో తెలియని సంస్థ మాట మీద ఇంటి అప్పు తీసుకోవడం ఏ లెక్కన చూసినా సరికాదు.

నివాస రాష్ట్రం ప్రాముఖ్యం ఇక్కడే బయటపడుతుంది. బహుమతుల మొత్తం విలువ 5,000 డాలర్లు దాటితే, న్యూయార్క్‌లో ఆ పథకం నడిపేవారు మొదలుపెట్టడానికి 30 రోజుల ముందుగా రాష్ట్ర ప్రభుత్వం వద్ద నమోదు చేసుకుని, బహుమతుల విలువకు సమానమైన పూచీకత్తు బాండు గానీ ట్రస్టు ఖాతా గానీ చూపాలి. ఫ్లోరిడాలో అదే పరిమితికి 7 రోజుల ముందు వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖ వద్ద నమోదు చేయించాలి. పోటీ ముగిశాక విజేతల జాబితా దాఖలు చేయాలి. ఈ ఖర్చూ శ్రమా పడలేని చిన్న సంస్థలు తమ నియమావళిలో న్యూయార్క్, ఫ్లోరిడా నివాసులకు ఈ పథకం చెల్లదని రాసేస్తాయి. అది చదివి ఆ రాష్ట్రాల వారు నొచ్చుకోనక్కర లేదు. పైగా మిగతా రాష్ట్రాల వారికి అది ఒక సూచన. ఆ రెండు రాష్ట్రాల వారిని కూడా చేర్చుకున్న పెద్ద పథకమంటే ఎక్కడో ఒక బాండు ఉండి ఉండాలి. మా న్యూజెర్సీలో ఇటువంటి సాధారణ నమోదు లేదు గనుక, నేను పాల్గొనే ముందు ఆ పథకం న్యూయార్క్ వారికి చెల్లుతుందా అన్న వాక్యాన్ని చూస్తాను. ఈ బాండు కూడా ఆ ఒక్క పోటీ ప్రకటించిన బహుమతులు పంపిణీ అయ్యేవరకే గానీ, దశాబ్దాల తరబడి సాగే వాయిదాలకు కవచం కాదని గుర్తుంచుకోవాలి.

అర్హత నిబంధనలను తెలుగువారు మరింత జాగ్రత్తగా చదవాలి. అధిక శాతం పథకాలు 50 రాష్ట్రాలలోనూ, కొలంబియా జిల్లాలోనూ చట్టబద్ధంగా నివసించే వారికి తెరిచి ఉంటాయి. ఉద్యోగ వీసాపై ఇక్కడ ఇల్లు కట్టుకుని పన్ను కడుతున్న వారు సాధారణంగా ఆ మాటలో ఇమిడిపోతారు. అయితే కొన్ని పథకాలు పౌరులకూ, శాశ్వత నివాసులకూ మాత్రమే పరిమితమని ప్రత్యేకంగా రాస్తాయి. ఆరు నెలల కోసం వచ్చిన తల్లిదండ్రులు నివాసులు కారు. వారి పేరుతో పంపిన ఫారానికి బహుమతి తగిలినా అర్హత పరిశీలనలో ఆగిపోతుంది, ఆలోగా వారి పేరు, చిరునామా ప్రకటనల జాబితాలకు ఎక్కడం మాత్రం ఆగదు. వయసు 18 నిండాలి. అలబామా, నెబ్రాస్కాలలో 19, మిసిసిపీలో 21 నిండాలన్న షరతు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు, ఆ రాష్ట్రాలలో మేజర్ అయ్యే వయసు అది. ఇంటికి ఒకటే ప్రవేశమని ఉన్న చోట భార్యాభర్తలు చెరొకటి పంపితే రెండూ పోయే ప్రమాదముంది. విజేత పేరునూ ఫోటోనూ ప్రచారానికి వాడుకుంటామన్న నిబంధన పక్కన టెనెసీకి మినహాయింపు ఉండడం తరచుగా కనిపిస్తుంది. బహుమతి కోసం అటువంటి సమ్మతి రాయించుకోవడాన్ని ఆ రాష్ట్రం అనుమతించదు.

సంస్థ కొత్త యజమాని గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఏఆర్‌బీ ఇంటరాక్టివ్ ఇదివరకే మోడో పేరుతో స్వీప్‌స్టేక్స్ కాసినో నడుపుతున్న సంస్థ. అటువంటి కాసినోలలో రెండు రకాల నాణేలుంటాయి. ఒక రకం ఆటకు మాత్రమే, దానిని డబ్బు పెట్టి కొంటారు. దానితోపాటు ‘ఉచితం’గా వచ్చే రెండో రకాన్ని గెలిస్తే నగదుగా మార్చుకోవచ్చు. కొనకుండా పాల్గొనే మార్గం ఉన్నదని చెప్పి, ఇది జూదం కాదు, స్వీప్‌స్టేక్స్ అని వాదిస్తారు. ఈ వాదనను రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతున్నాయి. మోంటానా, కనెక్టికట్ 2025లో నిషేధ చట్టాలు చేశాయి. న్యూజెర్సీలో ఆ ఆగస్టులో గవర్నర్ సంతకంతో నిషేధం వచ్చింది. కాలిఫోర్నియా చట్టం 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. న్యూయార్క్ కూడా అదే బాట పట్టింది. కనుక న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనో ఉన్నవారికి ఉచిత నాణేలతో కాసినో ఆట ఆడమని ప్రకటన వస్తే, అది వారి రాష్ట్రంలో చెల్లని ఆట అని గ్రహించాలి. వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే సాఫ్ట్‌వేరు వేసుకుని ఆడితే గెలిచిన డబ్బును నిలిపివేసే హక్కు నిర్వాహకుల నియమావళిలోనే ఉంటుంది, వెళ్లి అడగడానికి రాష్ట్రపు దన్నూ ఉండదు.

అసలు సంస్థ కన్నా దాని పేరు వాడుకునే దొంగలతోనే ప్రజలకు ఎక్కువ నష్టం జరుగుతోంది. ఫోన్ చేసి, పలానా సంస్థ బహుమతి బృందం నుంచి మాట్లాడుతున్నామని, 20 లక్షల డాలర్లు తగిలాయని, పన్ను కిందనో బీమా కిందనో ముందుగా కొంత కట్టాలని చెబుతారు. పెద్ద బహుమతి విజేతలకు తాము ముందుగా ఫోన్ చేయబోమని, ఫేస్‌బుక్‌లో స్నేహ అభ్యర్థనలు పంపబోమని, డబ్బు అడగబోమని పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. బహుమతికి ముందుగా ఏ పేరుతో డబ్బు అడిగినా అది మోసమే. ఇందులో మినహాయింపు లేదు. గిఫ్ట్ కార్డు కొని దాని వెనుక అంకెలు చదివి వినిపించమన్నా, క్రిప్టోలో పంపమన్నా ఆలోచించవలసింది కూడా ఏమీ లేదు. తాము ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారమని, బహుమతి పంపిణీని పర్యవేక్షిస్తున్నామని చెప్పే వారూ ఉంటారు; ఆ కమిషన్ ఎవరి బహుమతులనూ పర్యవేక్షించదు.

చదువుకున్న వారు కూడా చిక్కుకునేది చెక్కు దగ్గర. అసలు చెక్కులాగే ఉన్న కాగితం టపాలో వస్తుంది, బ్యాంకులో వేస్తే ఒకటి రెండు రోజులలో ఖాతాలో డబ్బు కనిపిస్తుంది, అందులోంచి కొంత ‘పన్ను’ పంపమంటారు. ఖాతాదారుకు త్వరగా డబ్బు అందుబాటులోకి తేవాలన్న ఫెడరల్ నిబంధన వల్ల బ్యాంకు ఆ మొత్తాన్ని చూపిస్తుందే తప్ప, చెక్కు నిజమైనదని నిర్ధారించినట్టు కాదు. నకిలీ అని తేలడానికి వారాలు పట్టవచ్చు, అప్పుడు పంపిన డబ్బంతా ఖాతాదారు సొంత జేబులోంచి పోయినట్టే. బ్యాంకు కౌంటరులో ‘చెక్కు క్లియర్ అయింది’ అన్న మాట వినగానే నిశ్చింతగా ఉండే మన అలవాటు ఇక్కడ బాగా దెబ్బతీస్తుంది.

సోషల్ సెక్యూరిటీ నంబరు విషయంలో మాత్రం ఒక సున్నితమైన తేడా ఉంది. పాల్గొనే దశలో దానిని అడిగే పథకం నమ్మదగినది కాదు. అయితే నిజంగా గెలిచినప్పుడు, బహుమతి విలువ ఒక పరిమితి దాటితే, నిర్వాహకులు అర్హత అఫిడవిట్టుతోపాటు పన్ను గుర్తింపు వివరాలిచ్చే డబ్ల్యూ-9 ఫారం నింపమంటారు, అందులో ఆ నంబరు రాయక తప్పదు. దొంగలు కూడా ఇదే కాగితాన్ని అనుకరిస్తారు. వచ్చిన ఈమెయిలులోని నంబరుకు ఫోన్ చేయకుండా, మనం పాల్గొన్న నాడు దాచుకున్న నియమావళిలో ఉన్న నిర్వాహకుల చిరునామాను సంప్రదించి నిర్ధారించుకోవాలి. అందుకే పాల్గొన్న ప్రతి పథకం నియమావళినీ ఒక ఫోల్డరులో దాచడం నా పద్ధతి. ఏ పథకంలోనూ పాల్గొననే లేదని తెలిస్తే గెలవడం ఎలా సాధ్యమన్న ప్రశ్న కూడా అప్పుడే తలెత్తుతుంది.

పన్ను గురించి క్లుప్తంగా చెబుతాను. గెలిచిన నగదు గానీ, వస్తువు మార్కెట్ విలువ గానీ ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. ఈ ఆదాయాన్ని పన్నుల శాఖకు తెలిపే 1099 ఫారం నిర్వాహకులు పంపవలసిన పరిమితి ఏళ్ల తరబడి 600 డాలర్లుగా ఉండి, 2026 నుంచి 2,000 డాలర్లయింది. ఫారం రాకపోయినా ఆదాయం చూపవలసిందే. 24 శాతం శ్లాబులో ఉన్నవారికి 30,000 డాలర్ల కారు తగిలితే ఫెడరల్ పన్నే 7,200 డాలర్లు అవుతుంది, న్యూజెర్సీ పన్ను దానికి అదనం. టెక్సస్‌లో ఉన్నవారికి ఆ రెండోది ఉండదు. పన్ను దృష్ట్యా నాన్‌రెసిడెంట్ అయిన వారికి సాధారణంగా 30 శాతం ముందే మినహాయిస్తారు. ఈ పన్నులు చేరేది ఫెడరల్ పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్‌కూ రాష్ట్రానికే గానీ, ఫోన్ చేసిన వ్యక్తికి కాదు. భారం అనిపిస్తే బహుమతిని నిరాకరించే హక్కు కూడా విజేతకు ఉంటుంది.

మన సంఘాల వేడుకలలో పెట్టే లక్కీ డ్రాల గురించి చెప్పకపోతే ఈ సమీక్ష తెలుగువారికి సగమే పనికివస్తుంది. స్థలాలు, బంగారం, బీమా అమ్మే దుకాణాల ముందు ఉంచిన డబ్బాలో పేరు, ఫోన్ నంబరు రాసి వేయడం ఉచితమే. అయితే ఆ చీటీ బహుమతి కన్నా అమ్మకం బృందానికి ఫోన్ నంబర్ల జాబితాగా ఎక్కువ ఉపయోగపడుతుందని తెలిసి వేయాలి. టికెట్టు అమ్మి డ్రా తీస్తే అది స్వీప్‌స్టేక్స్ కాదు, రాఫెల్. న్యూజెర్సీలో అర్హత గల లాభాపేక్ష లేని సంస్థలు మాత్రమే, రాష్ట్ర అదృష్ట క్రీడల నియంత్రణ కమిషన్ వద్ద నమోదై, స్థానిక పురపాలక సంఘం నుంచి లైసెన్సు తీసుకుని రాఫెల్ నడపవచ్చు. నిర్వాహకులను ఆ లైసెన్సు నంబరు అడగడం అమర్యాద కాదు.

ఊళ్లో ఉన్న పెద్దలకు ఇక్కడి నుంచి చెప్పవలసిన జాగ్రత్త వేరు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లాటరీలకు అనుమతి లేదు. విదేశీ లాటరీలు, స్వీప్‌స్టేక్స్ వంటి వాటికోసం భారతదేశం నుంచి డబ్బు పంపడాన్ని ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నిబంధనలు 2000 నుంచే నిషేధించాయి, రిజర్వు బ్యాంకు ఈ హెచ్చరికను పలుమార్లు చేసింది. కనుక ‘అమెరికా బహుమతి’ విడుదల కోసం డబ్బు పంపిన వారు మోసపోవడమే కాకుండా నిబంధన కూడా మీరినట్టవుతుంది. కేబీసీ పేరుతో 25 లక్షల రూపాయలు తగిలాయని వాట్సాప్‌లో తిరిగే సందేశాలదీ ఇదే కోవ. గ్రీన్‌కార్డు లాటరీ గెలిచారన్న ఈమెయిలు కూడా నమ్మవద్దు. భారతదేశంలో పుట్టినవారు ఆ డైవర్సిటీ వీసా పథకానికి సాధారణంగా అర్హులు కారు, పైగా అమెరికా విదేశాంగ శాఖ విజేతలకు ఈమెయిలు పంపదు. డబ్బు పోయిన వెంటనే భారతదేశపు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేస్తే బ్యాంకులో దానిని నిలిపే అవకాశం కొంతైనా ఉంటుంది.

ఇన్ని సంగతులు చూశాక పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్‌కు ఐదింటికి రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. ఉచితంగా పాల్గొనే మార్గం నిజంగా ఉచితం కావడం, నియమావళి అందుబాటులో ఉండడం ఆ రెండింటికీ కారణం. పాత విజేతల అనుభవం, కొత్త యజమాని వ్యాపార స్వభావం మిగతా మూడింటినీ తీసేశాయి. పాల్గొనదలచిన వారు ఒక్కసారిగా చెల్లించే బహుమతులనే ఎంచుకుని, విడి ఈమెయిలుతో, వస్తువుల జోలికి పోకుండా పాల్గొంటే పోయేది కాలమే. ఇంట్లోని వృద్ధుల పేరుతో కవర్లు గుట్టలుగా వస్తుంటే మాత్రం ఉపేక్షించకూడదు. తమ పేరు జాబితా నుంచి తొలగించమని కోరే హక్కు 1999 చట్టం ఇచ్చింది, ఎలా కోరాలో కవరులోనే రాసి ఉండాలి. ఎవరైనా డబ్బు అడిగితే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదుల వెబ్‌సైటులోనూ, టపా ద్వారా వచ్చినదైతే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీసుకూ, న్యూజెర్సీ వారైతే నువార్క్‌లోని రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల విభాగానికీ ఫిర్యాదు చేయవచ్చు. వచ్చిన కవరునూ, చెక్కునూ చించివేయకుండా ఉంచితే దర్యాప్తుకు పనికివస్తాయి.